నడుమున్న సైకిల్

మా బాపు సైకిల్‌కు నోట్లో పండ్లెక్కడున్నాయని అడగలేదు గానీ, ఎద్దును కొనేటప్పుడు అడిగే మిగతా మాటలన్నీ అడిగాడు. అదీ కామారెడ్డి స్టేషన్ రోడ్డు మీద, పదిమంది నిలబడి చూస్తుండగా. భూమి చీలితే లోపలికి పోదామనిపించింది నాకు. ఇప్పుడు తలచుకుంటే, ఆయన చెయ్యి పట్టుకొని ఇంకో నాలుగు దుకాణాలు తిప్పనందుకు బాధపడతాను.

ముందు సంగతి ముందు చెప్పాలి. అది రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు. నాకు చిన్నప్పుడే పెళ్లి చేశారు. నేను కాపురానికి పోకముందే పెనిమిటి కలరా గత్తరతో పోయాడు. ముఖం కూడా సరిగ్గా గుర్తులేదు. అందరూ నా నొసటి రాత గురించి మాట్లాడుతుంటే నన్ను కన్న అవ్వ మాత్రం, "రాత సంగతి తర్వాత, ముందు దీనికి చదువు రావాలె" అని నన్ను మిషన్ దవాఖానకు పంపింది. అక్కడ పురుడు పోసే పని నేర్చుకొని, ఎల్లారెడ్డి సర్కారు దవాఖానకు నర్సుగా వచ్చాను. ఇరవై రెండేళ్లు, మడమల దాకా తెల్ల చీర, ముక్కు మీద కోపం.

దవాఖానలో డాక్టర్ సాబ్‌కు ఒక ఫట్‌ఫటి మోటార్‌సైకిల్ ఉండేది. అది కూత పెడితే బజారంతా తలుపులు తీసి చూసేది. యుద్ధం వచ్చి పెట్రోలు దొరక్క, అది వసారాలో గోనెపట్టా కప్పుకొని నిలబడిపోయింది. దాని సీటు మీద ఒక కోడి గుడ్లు పెట్టేది. ఊళ్ల నుంచి కబురొస్తే వాళ్లు తెచ్చిన ఎడ్లబండే నాకు దిక్కు. బండి దవాఖాన దాకా రావాలి, మళ్లీ అంతదూరం పోవాలి. ఆ లోపల బిడ్డ ఆగుతుందా?

ఆగలేదు. బతుకమ్మ రోజుల్లో మహమ్మద్‌నగర్ వైపు ఒక చిన్న పల్లె నుంచి బండి వచ్చింది. నాలుగు కోసులు, అంటే ఎనిమిది మైళ్ల దూరం. దారిలో వాగు దగ్గర ఒక ఎద్దు కూలబడింది. దాన్ని లేపి పోయేసరికి పొద్దు నడినెత్తి దాటింది. బిడ్డ ఎదురుకాళ్లతో వచ్చి పోయింది. తల్లి దక్కింది. నా ఈడుదే ఆమె. ఏడవలేదు, అరవలేదు. గోడవైపు తిరిగి పడుకున్నదల్లా ఇటు తిరిగి నన్ను అడిగింది.

"నర్సమ్మా, జర ముందుగాల రాకపోతివి?"

నేను తల వంచుకొని సంచి సర్దుకున్నాను.

డాక్టర్ సాబ్‌కు చెప్తే ఆయన ఫట్‌ఫటి వైపు చూసి నిట్టూర్చాడు. "సైకిల్ నేర్చుకో అమ్మా. లేకుంటే నీ జాగల సైకిల్ తొక్కెటోన్ని పంపుమని రాస్త," అన్నాడు. పురుళ్లు పోయడానికి మగవాణ్ణి పంపిస్తాడట! నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. కానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

చలికాలం పోతుండగా బిడ్డను పోగొట్టుకున్న ఆ పల్లె మనిషి నడుచుకుంటూ దవాఖానకు వచ్చింది. కడుపు ఇంకా కనబడడం లేదు. నా చెయ్యి తీసుకొని తన కడుపు మీద పెట్టుకుంది. "మల్ల నిలిచింది నర్సమ్మా. ఈసారి ముందుగాల వస్తవా?"

"వస్తా," అన్నాను.

"ఒట్టు?"

ఒట్టేశాను. సైకిల్ లేదు, తొక్కడం రాదు, ఒట్టు మాత్రం వేశాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

ఉగాది దాటగానే, జీతంలో మిగుల్చుకున్నది కొంగున కట్టుకొని, బాపును కామారెడ్డికి రమ్మన్నాను. ఎందుకు రమ్మన్నానంటే, ఒంటరిగా ఆడది సైకిల్ దుకాణంలో నిలబడితే ఆ రోజుల్లో చూపులకు ఒళ్లు కాలిపోయేది. ఆయన ఏదో చూసి ఏరిపెడతాడని కాదు. కానీ బాపు దానికోసమే వచ్చాడు. భిక్నూరు పక్కన మా ఊరి నుంచి తెల్లవారకముందే బయలుదేరి, తలకు ఉతికిన రుమాలు చుట్టుకొని, భుజాన తువ్వాల వేసుకొని వచ్చాడు. ఎడ్ల అంగడికి పోయేటప్పటి వేషం అది.

మా బాపు పటేలు ఇంట్లో జీతగాడు. సొంత భూమి లేదు, సొంత ఎద్దు లేదు. కానీ చుట్టుపక్కల ఎవరు ఎద్దును కొనాలన్నా ఆయన్ను వెంట తీసుకుపోయేవాళ్లు. సుడులు చూసేవాడు, పండ్లు చూసేవాడు, వెన్ను మీద అరచెయ్యి ఆనించి నొక్కేవాడు. తువ్వాల కింద బేరగాడి వేళ్లు పట్టుకొని, నోరు మెదపకుండా ధర తెంపేవాడు. తర్వాత ఎద్దు వాళ్ల కొట్టంలోకి పోయేది, ఆయన మా గుడిసెకు వచ్చేవాడు. ముప్పై ఏళ్లు అదే తీరు.

దుకాణం ఉస్తాద్ మూడు సైకిళ్లు బయటపెట్టాడు. ఒకటి ఆడవాళ్లది, ముందు కడ్డీ లేకుండా కిందికి వంగి ఉన్నది. మిషన్ దొరసాని అలాంటిదాని మీద పోతుంటే చూసి, తొక్కితే అలాంటిదే తొక్కాలని మనసులో ముడి వేసుకున్నాను. రెండోది పచ్చరంగుది, అద్దంలా మెరుస్తున్నది. మూడోది నల్లది, ఎత్తుది, పాతది, నడిమధ్య లావుపాటి కడ్డీతో.

బాపు మూడింటి చుట్టూ తిరిగాడు. ఆడవాళ్ల సైకిల్ దగ్గర ఆగి, కడ్డీ ఉండాల్సిన చోట గాలిలో చెయ్యి ఆడించాడు.

"ఏంది ఉస్తాద్, దీనికి నడుమేది?"

"అరే బాపూ, అది జనానా సైకిల్. చీర గట్టుకొని ఎక్కనీకె కడ్డీ తీసేసిండ్రు."

"నడుము తీసేస్తే బరువెట్ల మోస్తది? వెన్ను కుంగిన దాన్ని ఇప్పిస్తే రేపు అంగట్ల నా మాట ఎవడన్న నమ్ముతడా?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. నా చెవులు ఎర్రబడ్డాయి. "బాపూ, ఇది ఎద్దు కాదు," అన్నాను పళ్ల మధ్యనుంచి.

"తెలుసు తియ్. ఎద్దయితే ఇంత సేపు ఎందుకు?" అని ఆయన పచ్చ సైకిల్ వైపు తిరిగాడు. "దీన్ని జర నడిపియ్."

ఉస్తాద్ దుకాణం ముందు దుమ్ములో దాన్ని నడిపించుకుంటూ పోయాడు, వచ్చాడు. బాపు గొంతుక్కూర్చొని నేల చూశాడు. మంచి ఎద్దు నడిస్తే వెనకకాలు ముందుకాలు అడుగులోనే పడుతుందట. దుమ్ములో చక్రాల గీతలు రెండు పడ్డాయి, పక్కపక్కన. "ఇది వంకర నడుస్తున్నది. కొమ్ములకు నూనె రాసి తోలుకొచ్చినట్టున్నది," అని గోటితో రంగు గీకాడు. లోపల అతుకు కనబడింది. నవ్వేవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. ఉస్తాద్ మాత్రం నొచ్చుకోకుండా, "మీ పెద్దాయన కండ్లకు మొక్కాలె," అన్నాడు నాతో.

నల్లదాన్ని నడిపిస్తే ఒకటే గీత. బాపు లేచి దాని కడ్డీ మీద రెండు చేతులూ ఆనించి ఒళ్లంతా బరువు వేశాడు. అది కిక్కురుమనలేదు. అప్పుడు నా వైపు చూశాడు. "ఇది బిడ్డా. ఇది మన ఎద్దు."

నేను నోరు మూసుకున్నాను. నన్ను ఎరిగినవాళ్లు ఇది నమ్మరు. కానీ ముప్పై ఏళ్లలో ఆయన 'మన' అనే మాట ఒక్క ఎద్దు మీద కూడా అనలేదు. ఆ ముఖం చూశాక, నాకు ఆ కడ్డీ అడ్డమని, చీరతో కాలు తిప్పలేనని చెప్పడానికి మనసొప్పలేదు. ఆయన ఉస్తాద్ చేతి మీద తువ్వాల వేసి వేళ్లు పట్టుకున్నాడు. ఆ బేరం ఉస్తాద్‌కు తెలియదు. నవ్వుకుంటూనే ఒప్పుకున్నాడు.

సైకిల్ బొగ్గుతో నడిచే బస్సు మీదెక్కి ఎల్లారెడ్డికి వచ్చింది. నేను మాత్రం సైకిల్ ఎక్కలేదు. ఎక్కబోయాను. మొదటిరోజు కడ్డీకి చీర చిక్కి పక్కకు ఒరిగాను. రెండోరోజు కుచ్చిళ్లు గొలుసులో పడి పర్రున చినిగాయి. మూడోరోజు మోకాళ్లు చిట్లాయి. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని ఒకామె నీతి చెప్పింది. ఒక పెద్దమనిషి చేతులు కట్టుకొని నిలబడి, "ఆడది సైకిలెక్కితే వానలు పడయి," అన్నాడు.

"పోయినేడు ఎవరెక్కితే పడలేదు?" అని అడిగాను. ఆయన తల తిప్పుకొని పోయాడు గానీ, నేనూ సైకిల్‌ను తీసుకుపోయి ఫట్‌ఫటి పక్కన నిలబెట్టాను. కోడికి ఇంకో సీటు దొరికింది.

నెల గడిచింది. ఆ మనిషి కడుపు కనబడసాగింది. దవాఖానకు వచ్చినప్పుడల్లా సైకిల్ వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా పోయేది. అన్నా బాగుండేది.

ఎండలు ముదిరాక బాపు, అవ్వ ఒక మూట చింతపండు పట్టుకొని నన్ను చూడవచ్చారు. బాపు రావడం రావడమే, "ఏదీ మనది?" అన్నాడు. వసారాలో దుమ్ము పట్టిన సైకిల్‌ను చూశాడు. నా మోకాళ్ల మీది గాయాలు చూశాడు. మెల్లగా మెట్ల మీద కూర్చున్నాడు.

"నేను ఎద్దును జూసిన బిడ్డా. ఎక్కేదాన్ని జూడకపోతి," అన్నాడు. "తప్పు జేసిన."

"ఇప్పుడు తెలిసిందా?" అన్నాను. నా కోపానికి నిప్పు పెట్ట. ఆ మాట నోటి నుంచి వచ్చాక వెనక్కి తీసుకోవడానికి ఈనాటికీ దారి దొరకలేదు. ఎడ్ల విషయంలో ఆయన తప్పు ఒప్పుకోవడం నేను అంతకుముందు వినలేదు. ఆయన లేచి రుమాలు సరిచేసుకొని, సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాడు. "కామారెడ్డికి తోలుకపోత. నడుము లేందే తెస్త."

అప్పటిదాకా గడపలో కూర్చొని కాళ్లు ఒత్తుకుంటున్న అవ్వ అన్నది, "దానికేమైంది? గోచి గట్టి ఎక్కు."

గోచి అంటే, చీర కుచ్చిళ్లను కాళ్ల మధ్యనుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపడం. మా వైపు నాట్లు వేసే ఆడవాళ్లందరూ అలాగే కడతారు. నేనూ పన్నెండేళ్లు వచ్చేదాకా అలాగే కట్టి బురదలో దిగినదాన్నే. దవాఖానకు వచ్చాక దాన్ని మరిచిపోయానని చెప్తే అబద్ధం. సిగ్గుపడి వదిలేశాను.

"అవ్వా, నేను నర్సును. పదిమందిలో పిక్కలు కనబడేటట్టు..."

"ఆహా! తెల్ల చీరొచ్చినంక పిక్కలు గూడ తెల్లగైనయా?" అన్నది అవ్వ. "నడుమంతున్న బురదల దిగి మేము నాట్లేస్తుంటే లేని సిగ్గు నీకెక్కడి నుంచి వచ్చె? రా ఇటు."

లోపలికి లాక్కుపోయి, తన చేతులతో గోచి కట్టింది. బిగించి దోపుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. బయటికి వచ్చి కాలు తిప్పితే కడ్డీ మీద నుంచి హాయిగా అటువైపు పడింది.

నాలుగు రోజులు ఊరి బయట కోతలైన బీళ్లలో నేర్చుకున్నాను. బాపు వెనక సీటు పట్టుకొని, "హో... హో..." అంటూ కోడెకు కాడి అలవాటు చేసేటప్పటిలాగే పరుగెత్తేవాడు. నాలుగో రోజు పొద్దున తిరిగి చూస్తే ఆయన ఎక్కడో దూరంగా కట్ట మీద కూర్చొని చుట్ట వెలిగించుకుంటున్నాడు. భయంతో అక్కడే పడ్డాను.

"చెప్పి వదలొద్దా బాపూ?"

"కోడెకు చెప్పి వదులుతరా తాడు?" అన్నాడు. అవ్వ అంత గట్టిగా నవ్వడం నేను అదే చూడడం.

మొదటి నెల నా వెనక ఈలలు వినబడ్డాయి. ఎద్దు పుండు కాకికి నొప్పా? నేను చూసుకోవలసింది నా దారి. రెండో నెలకు ఈలలు వేసిన ఇంటికే పురుడు పోయడానికి పోయాను. ఆ తర్వాత ఆ వీధిలో నేను వస్తుంటే పిల్లల్ని పక్కకు జరిపి దారి ఇచ్చేవాళ్లు.

వానలు వచ్చాయి. పొలాల అమావాస్య వచ్చింది. ఆనాడు మా వైపు ఎడ్ల పండుగ. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, బక్షాలు, అంటే బొబ్బట్లు, తినిపించి ఊరేగిస్తారు. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. ఎంత పనున్నా సరే, ఒక్క బండి కూడా కదలదు. మా బాపు ప్రతి ఏడూ పటేలు ఎడ్లను పట్టుకొని ఊరేగింపులో ముందు నడిచేవాడు. ఆ ఏడు మాత్రం పండుగనాడు పొద్దున్నే ఎల్లారెడ్డిలో నా గడప ముందు నిలబడి ఉన్నాడు.

"పటేలు ఎట్ల వదిలిండు నిన్ను?"

"ఈ ఏడు మా ఎద్దుకు గూడ పండుగుంది పటేలా అన్న. నవ్వి పొమ్మన్నడు."

అవ్వ కట్టిచ్చిన బక్షాల మూట గూట్లో పెట్టి, సైకిల్‌ను బావి దగ్గరికి తీసుకుపోయాడు. చక్రాల కమ్మీలు ఒక్కొక్కటీ తోమాడు. కడ్డీకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాడు. హ్యాండిల్ రెండు కొసలకూ ఎర్ర గుడ్డలు చుట్టి, రొండిన పెట్టుకొని తెచ్చిన రెండు ఇత్తడి గంటలు కట్టాడు. అవి ఎన్నేళ్లుగా ఆయన దగ్గర ఉన్నాయో నాకు తెలియదు. కట్టడానికి ఒక్క ఎద్దు మెడ లేని ఇంట్లో ఇన్నాళ్లూ గంటలు దాచుకున్నాడు. డాక్టర్ సాబ్ బయటికి వచ్చి చూసి, నవ్వకుండా సలాము చేసి పోయాడు.

బాపు హారతి పళ్లెం అందుకున్నాడు. అప్పుడే ఆ పల్లె మనిషి పెనిమిటి పరుగెత్తుకొచ్చాడు. మోకాళ్ల దాకా బురద. ఊపిరి అందడం లేదు.

"నర్సమ్మా, పొద్దుగాలనే నొప్పులు మొదలైనయి. పండుగ గదా, బండి ఎవలు గట్టరు. ఉరికొచ్చిన."

నాలుగు కోసులు ఉరికి వచ్చాడు. నేను సంచి తీసుకొని గడప దాకా వచ్చి ఆగిపోయాను. బాపు సైకిల్ ముందు పళ్లెం పట్టుకొని నిలబడి ఉన్నాడు. పండుగనాడు ఎద్దును పనికి తోలినవాడి ఇంటికి ఆయన జన్మలో పోలేదు. పైగా ఆయనకు సొంత ఎద్దు ఇదే మొదటిది. ఆయన నన్ను చూశాడు, ఆ మగమనిషి కాళ్ల బురద చూశాడు. పళ్లెం కింద పెట్టాడు.

"గోచి గట్టు బిడ్డా," అన్నాడు. "ఎద్దు అలిగితే నేను సముదాయిస్త. నువ్వు పో."

దారి పొడుగునా ఒక్క బండి లేదు. ఊళ్లలో డప్పులు మోగుతున్నాయి, రంగుల కొమ్ములు కనబడుతున్నాయి. నా హ్యాండిల్‌కు గంటలు గణగణ మోగుతుంటే పక్క చేన్లలో ఎడ్లు తలలెత్తి చూశాయి. వాగు దగ్గర నీళ్లు తొడల దాకా ఉన్నాయి. దిగి, సంచి మెడలో వేసుకొని, కడ్డీ కింద భుజం పెట్టి సైకిల్‌ను ఎత్తుకున్నాను. పసుపు నా తెల్ల రవికెకు అంటింది. ఆ దొరసాని సైకిల్ అయితే ఎక్కడ భుజం పెట్టేదాన్ని? వాగు నడుమ నిలబడి నవ్వుకున్నాను, ఒక్కదాన్నే.

ఈసారి కూడా బిడ్డ ఎదురుకాళ్లతోనే ఉన్నది. ఆ ఇంటి ముసలవ్వ నీళ్లు కాచి, నేను చెప్పకముందే చేతులు కడుక్కొని సిద్ధంగా కూర్చున్నది. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. కాళ్లు వచ్చాయి, నడుము వచ్చింది, భుజాలు వచ్చాయి, తల దగ్గర ఆగింది. నా చేతులు అంతకుముందెన్నడూ అంత నెమ్మదిగా పనిచేయలేదు. తల బయటపడింది. ఏడుపు లేదు. నోరు తుడిచి, వీపు రుద్ది, తలకిందులుగా పట్టుకొని అరికాళ్ల మీద కొట్టాను. ముసలవ్వ దేవుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. అప్పుడు ఏడ్చింది పిల్ల. ఆడపిల్ల. గొంతు చూస్తే నా గొంతే.

తల్లి పక్కన పడుకోబెట్టాను. ఆమె పిల్లను చూసుకొని, తర్వాత నన్ను చూసింది. బురద కాళ్లు, గోచి, పసుపు అంటిన రవికె.

"గంటలు ఇనబడ్డయి నర్సమ్మా. ఇయ్యాల బండ్లు గట్టరు గదా, ఏంది గంటలు అనుకున్న," అన్నది. నా వేళ్లు పట్టుకుంది. "ముందుగాలనే వచ్చినవ్."

ఏడ్చాను.

సాయంత్రం పొద్దుండగానే ఎల్లారెడ్డికి వచ్చాను. బాపు దవాఖాన మెట్ల మీద నా దారి చూస్తూ కూర్చున్నాడు. హారతి పళ్లెం పక్కనే ఉన్నది. బక్షాల మూట విప్పలేదు. పండుగనాడు ఎద్దు తినకముందు మనిషి తినకూడదు కదా.

"అందినవా బిడ్డా?"

"అందిన బాపూ. ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు."

ఆయన తల ఊపాడు. ముందు తువ్వాలతో సైకిల్ బురద తుడిచాడు, కడ్డీ మీద అరచెయ్యి ఆనించి నిమిరాడు. ఆ తర్వాత హారతి ఇచ్చి, ఒక బక్షం తుంచి హ్యాండిల్ ముందు చూపించి, నా నోటి దగ్గరికి తెచ్చాడు.

"మన ఎద్దు తినది గదా," అన్నాడు. "దాని బదులు నువ్వు తిను."